విలువిద్య నేర్పిన గురువుగారికి కృతజ్ఞత చెప్పుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఆషాఢం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "గురుపౌర్ణమి దగ్గరికొచ్చింది, సార్‌కి ఏం కొనమంటారు?" అని విజయవాడ నుంచి కొందరు, గుంటూరు నుంచి కొందరు అడుగుతారు. దసరా ముందు మళ్లీ అదే ప్రశ్న. శాలువా కొనాలా, జ్ఞాపిక చేయించాలా, కవరులో ఎంత పెట్టాలి?

వీటికి జవాబులు కింద ఉన్నాయి. కానీ ఈ పని కొట్లో మొదలవదు. వెదురు విల్లు చేతికిచ్చి నేర్పిన మాస్టారికి మీరు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఒకటుంది. ఆయన మీలో సరిదిద్దిన ఒక తప్పును గుర్తుపెట్టుకుని, అది ఫలానా అని ఆయన ముందు చెప్పడం. మిగతా ఏర్పాట్లన్నీ ఆ మాట ఆయన చెవిన సరిగ్గా పడటానికే.

రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు), కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) నేర్చుకున్నవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది. నేర్పినది మేడమ్ అయితే బట్టల దగ్గర మాత్రం మార్చుకుని చదువుకోండి.

1. ముందు కాగితం తీసుకోండి

"మాస్టారు నాకు అన్నీ నేర్పారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒక బాణం వేయడంలో ఉన్న అంచెలను వరుసగా రాసుకుని, ఒక్కో అంచె దగ్గర ఆయన ఏమన్నారో, ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి.

- నిలబడటం: పాదాల మధ్య ఎడం ఎంతన్నారు? మడమల మీద వాలుతుంటే ఎలా పట్టుకున్నారు?
- పట్టు: విల్లును గుప్పిట బిగించి పట్టుకునేవారా? ఒత్తిడి బొటనవేలి కింది కండ మీద ఆనేలా ఎన్నాళ్లకు మార్చారు?
- తొడగడం: నారి మీద బాణం ఎక్కడ కూర్చోవాలో ఎలా చూపించారు? దారం చుట్టి గుర్తు పెట్టారా?
- లాగడం: చేతి బలంతో లాగే అలవాటును వీపు కండరాల మీదికి ఎలా మళ్లించారు?
- ఆనించడం: లాగిన చెయ్యి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోటికి రావాలని ఎలా నేర్పారు?
- గురి: సైట్ (గురి చూసుకునే అమరిక) లేని విల్లుకు బాణం మొన ఎక్కడ పెట్టాలి? 30 మీటర్లకూ 50 మీటర్లకూ తేడా ఏమని చెప్పారు?
- వదలడం: వేళ్లు విదిలించే అలవాటును ఎలా మాన్పించారు?
- వదిలాక: బాణం తగిలేదాకా విల్లు చెయ్యి దించకుండా ఉండటం ఎలా అలవాటైంది?

ఇవి ఒక ఎత్తు. గ్రౌండ్‌లో నేర్పినా బాణం వేయడంలో భాగం కానివి ఇంకో ఎత్తు: పని అవగానే నారి విప్పడం, బాణాన్ని కాస్త వంచి చూసి చీలిక ఉందేమో వెతకడం, బాణం లేకుండా నారి లాగి వదలకపోవడం, టార్గెట్ దగ్గరున్న మనిషి వెనక్కి వచ్చేదాకా విల్లు ఎత్తకపోవడం. పోటీలో పాయింట్లు మొదటి జాబితా నుంచి వస్తాయి. కళ్లూ వేళ్లూ భద్రంగా ఉన్నాయంటే రెండో జాబితా వల్లే. గురువుగారి దగ్గర ఈ రెండోదాని మాట ఎత్తినవాళ్లు తక్కువ, అందుకే దాన్ని కూడా తవ్వమంటాను.

అంతా రాశాక ఒకటి ఎంచుకోండి. మహా అయితే రెండు. ఎంచుకోవడానికి మూడు గీటురాళ్లు చాలు: అది మీకు మాత్రమే జరిగినదై ఉండాలి. ఆయన చేతలో, మాటలో ఒక చిన్న వివరం అందులో ఉండాలి. ఇప్పటికీ మీరు పాటిస్తూ ఉండాలి. మూడోది లేకపోతే ఆ సంగతి వదిలేయండి. మోచెయ్యి దించమని నేర్పారని పొగిడి, ఆయన ముందే మోచెయ్యి ఎగరేసి బాణం వేస్తే ఆయన మనసు పొగడ్త మీద ఉండదు, మోచేతి మీదే ఉంటుంది.

2. మాస్టారి గురించి ముందుగా కనుక్కోవలసినవి

ఇంట్లోవాళ్లనో, ఆయన దగ్గర ఎక్కువకాలం ఉన్న సీనియర్‌నో అడగండి. నేరుగా ఆయన్నే అడిగితే "ఏమీ వద్దయ్యా" అంటారు, అక్కడితో మీ దారి మూసుకుపోతుంది.

- పూర్తి పేరు, ఇంటిపేరు, ఇనీషియల్స్. జ్ఞాపిక మీద ఇంటిపేరు తప్పు పడితే దిద్దుకునే వీలుండదు.
- షుగర్, బీపీ ఉన్నాయా? బందరు లడ్డూ, పూతరేకులు తీసుకెళ్లాలో, పండ్లు తీసుకెళ్లాలో దీన్నిబట్టే తేలుతుంది.
- కాళ్లకు దండం పెట్టించుకుంటారా? కొందరికి అది సుతరామూ గిట్టదు. మన వైపు క్రైస్తవ, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన కోచ్‌లూ ఉంటారు. పసుపు కుంకుమల తాంబూలం, పాదాభివందనం అందరికీ నప్పుతాయనుకోకూడదు. రెండు చేతులా నమస్కారం ఎవరికైనా నప్పుతుంది.
- నలుగురిలో మాట్లాడటం ఇష్టమేనా? ఇష్టం లేని మనిషిని స్టేజీ ఎక్కిస్తే అది సన్మానం కాదు, శిక్ష.
- ఫీజు తీసుకుని నేర్పారా, ఊరికే నేర్పారా? కవరు సంగతి దీని మీద ఆధారపడుతుంది.
- ఈ మధ్య ఇంట్లో అశుభం ఏమైనా జరిగిందా? జరిగి ఉంటే పూలదండలు, ఫొటోలు పక్కన పెట్టి, మామూలుగా వెళ్లి పలకరించి రండి.

3. రోజు, వేళ, చోటు

గురుపౌర్ణమి, అంటే ఆషాఢ పౌర్ణమి, ఎక్కువగా జూలైలో వస్తుంది. వానలు మొదలై ఉంటాయి కాబట్టి గ్రౌండ్‌ను నమ్ముకోవద్దు. ఇంటికే వెళ్లండి. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం. మాస్టారు స్కూల్లో పీఈటీగా కూడా పనిచేస్తుంటే ఆ రోజు ఆయన ఖాళీగా ఉండరు. సాయంత్రం వెళ్లండి, లేదా మర్నాడు వెళ్లండి.

విలువిద్యకు అన్నిటికన్నా అతికే రోజులు మహర్నవమి, విజయదశమి. ఆయుధపూజ ఒకవైపు, పాండవులు ఆయుధాలు దాచిన జమ్మిచెట్టుకు పూజ ఇంకోవైపు. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన కొండగా ఇంద్రకీలాద్రిని కొలిచే ఊరు బెజవాడ. అందుకే చాలామందికి అదే రోజు, అదే కొండ మీద మాస్టారిని సత్కరించాలని ఉంటుంది. ఆ ఆలోచన మానుకోమని గట్టిగా చెబుతాను. నవరాత్రుల్లో కొండ కింద రద్దీ మీకు తెలిసిందే. అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే మూలానక్షత్రం రోజైతే క్యూలైన్లు చెప్పనక్కర్లేదు. దశమి సాయంత్రం కృష్ణలో తెప్పోత్సవానికి జనం కదులుతారు, ట్రాఫిక్ మళ్లిస్తారు. పెద్దాయన్ను అందులోకి లాగొద్దు. విల్లు పట్టుకుని దర్శనానికి అసలే వెళ్లొద్దు. దర్శనం మీరు ముందే చేసుకుని, ప్రసాదం ఆయన ఇంటికి తీసుకెళ్లండి.

వేసవిలో అయితే గ్రౌండ్‌లో పొద్దున 7 లోపు ముగించేయాలి. మే నెలలో మన రెండు ఊళ్లలోనూ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. టెంటు వేసినా 9 తర్వాత ఎవరూ కుదురుగా కూర్చోలేరు.

గుంటూరులో ఉండి విజయవాడ మాస్టారి దగ్గరికి వెళ్లేవాళ్లకు ఓ మాట. దూరం 35 కిలోమీటర్లే అయినా వారధి దగ్గరా, బెంజి సర్కిల్ దగ్గరా ఆలస్యమవుతుంది. చెప్పిన వేళకు అరగంట ముందే ఊళ్లో ఉండేలా బయలుదేరండి. బస్సులో విల్లు తెచ్చేటప్పుడు నారి విప్పి, గుడ్డ సంచిలో పెట్టి, బాణం మొనలకు తొడుగు వేయండి.

ఇల్లా, గ్రౌండా అని తేల్చుకోలేకపోతే నా ఓటు ఇంటికే. ఇంట్లో అమ్మగారు ఉంటారు. మీరు నేర్చుకున్న ప్రతి ఆదివారం ఉదయం ఆవిడ ఇంటి నుంచి తీసిచ్చినదే. ఆ కృతజ్ఞతలో ఆవిడకూ వాటా ఉంది.

4. ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు

ఏ పాత మాస్టారి ఇంట్లోనైనా బీరువా పై అర తెరిచి చూడండి. ప్లాస్టిక్ కవర్లలో మడత విప్పని శాలువాలు వరసగా ఉంటాయి. వాటి మీద ఇంకొకటి పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. బట్టలు పెట్టాలనుకుంటే ఆయన కట్టుకునేవి పెట్టండి. విజయవాడకూ గుంటూరుకూ మధ్యలోనే మంగళగిరి ఉంది. చేనేత పంచె, కండువా అక్కడే దొరుకుతాయి. అమ్మగారికి నిజాం అంచు నూలు చీర తీసుకోవచ్చు. ఆయన పంచె కట్టే మనిషి కాకపోతే చొక్కా గుడ్డ తీసుకోండి. రెడీమేడ్ చొక్కా అయితే కొలత తప్పుతుంది.

బట్టలకన్నా ఆయన కళ్లు వెలిగే వస్తువులు వేరే ఉన్నాయి. గ్రౌండ్‌లో రోజూ అరిగిపోయేవీ, ఎవరూ కొని ఇవ్వనివీ:

- నారికి రాసే మైనం, నారి మధ్య చుట్టే సర్వింగ్ దారం
- ఈకలు, వాటికి సరిపోయే జిగురు (ఏ రకం వాడతారో సీనియర్‌ను అడిగి)
- టార్గెట్ పేపర్లు, వాటిని గుచ్చే పిన్నులు
- చిన్నపిల్లలకు సరిపోయే, ముంజేతికి కట్టే ఆర్మ్ గార్డులు, వేళ్లకు తొడిగే ఫింగర్ ట్యాబ్‌లు
- నీళ్ల క్యాను, ప్రథమ చికిత్స పెట్టె, మంచి విజిల్

ఇవేవీ ఫొటోలో అందంగా పడవు. ఆయనకు మాత్రం మర్నాడు పొద్దున్నే పనికొస్తాయి.

డబ్బు లేని విద్యార్థులు బెంగపడనక్కర్లేదు. ఒక ఆదివారం నలుగురు కలిసి గడ్డి టార్గెట్ మళ్లీ కట్టివ్వండి. మధ్యభాగం బాణాల దెబ్బలకు వదులై, బాణం వెనక్కి దూసుకుపోతుంటుంది. పాత తాళ్లు కోసి, చివికిన గడ్డి తీసేసి, ఎండిన వరిగడ్డిని మోపులుగా మెలిపెట్టి ఒకదాని మీద ఒకటి అదిమి, నైలాన్ తాడుతో బిగించాలి. మన డెల్టాలో వరిగడ్డికి కొదవా? తడి గడ్డి మాత్రం వద్దు. ఎండాక కుంచించుకుపోయి మళ్లీ వదులవుతుంది. బిగించాక బొటనవేలు గుచ్చి చూడండి. వేలు సులువుగా దిగితే ఇంకో రెండు మోపులు పడతాయన్నమాట. ఊరికే నేర్పిన గురువుకి ఇంతకన్నా మంచి దక్షిణ నాకు తోచదు.

ఇవ్వకూడని వాటిలో మొదటిది విల్లు. ఎంత బరువు లాగగలరో, చేతుల నిడివి ఎంతో, దాన్నిబట్టి విల్లు కుదరాలి. బాణాలూ అంతే. విల్లు పౌండ్లకు, అంటే లాగడానికి పట్టే బలానికి, తగ్గ గట్టిదనం లేకపోతే గురి ఎంత సరిగా పెట్టినా బాణం పక్కకు పోతుంది. కొనాలనే పట్టుదల ఉంటే ఆయన్ను వెంటబెట్టుకెళ్లి కొనండి, లేదా డబ్బిచ్చి ఆయన్నే తెచ్చుకోమనండి. కార్బన్ బాణాలు ఖరీదు కదా, గొప్పగా ఉంటుందని తీసుకెళ్లకండి. ఇండియన్ రౌండ్, అంటే వెదురు విల్లుతో ఆడే పోటీ, నేర్పే మనిషికి వాటితో పని ఉండదు.

కవరు విషయం. ఫీజు తీసుకున్న కోచ్‌కి మళ్లీ డబ్బివ్వక్కర్లేదు. ఊరికే నేర్పినవారికి తాంబూలంలో 116, 516, 1,116 ఇలా మీ శక్తికొద్దీ పెట్టండి. బ్యాచ్ అంతా కలిసి వేస్తే ఎవరెంత వేశారో రాసిన కాగితం కవరులో ఉండకూడదు.

తాంబూలానికి కావలసినవి:

- తమలపాకులు, వక్కలు
- అరటిపండ్లు లేదా ఆ కాలంలో దొరికే పండ్లు
- బట్టలు, వాటి మీద కవరు
- పసుపు, కుంకుమ (వారి ఇంటి పద్ధతి తెలుసుకున్నాకే)

5. ఉత్తరం రాయడం

వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపితే ఆ సాయంత్రానికి అది కిందికి వెళ్లిపోతుంది. తెల్లకాగితం మీద, చేత్తో, ఒక పేజీ దాటకుండా రాయండి. చేతిరాత బాగోలేదని టైపు చేయించొద్దు. మీ చేతి వణుకు చూసినవారికి మీ చేతిరాత లెక్క కాదు.

ఇలా ఉండొచ్చు:

"పూజ్యులైన మాస్టారు గారికి నమస్కరించి రాయునది.

విల్లు పట్టిన కొత్తలో నా ఎడమ మోచెయ్యి లోపలికి తిరిగి ఉండేది. వదిలినప్పుడల్లా నారి వచ్చి ముంజేతిని కొట్టేది. మీరు ఆర్మ్ గార్డ్ కట్టించి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. షెడ్డు తలుపు చట్రానికి నా అరచెయ్యి ఆనించి, భుజం కదలకుండా మోచెయ్యి ఒక్కటే బయటికి తిప్పమన్నారు. రాకపోతే బాణం వెనక కొసతో మెల్లగా తట్టి చూపించారు. వారంపాటు నాకు విల్లే ఇవ్వలేదు. ఇప్పటికీ గ్రౌండ్‌కి వెళ్లేముందు మా ఇంటి తలుపుకి చెయ్యి ఆనించి చూసుకుంటాను.

పోటీకి ముందురోజు మీరు నా బాణాలు ఒక్కొక్కటీ వంచి చూసి, బాగున్నట్టే కనిపించిన ఒకదాన్ని పక్కన పెట్టారు. ఎందుకని అడిగితే, గోటితో చీలిక చూపించారు. వేరేవాళ్లెవరూ దాన్ని కనిపెట్టేవారు కాదు.

మా వీధిలో ఇద్దరు పిల్లలకు నిలబడటం నేర్పుతున్నాను. మీరు నాకు చేసినట్టే, ముందు రబ్బరు బ్యాండు లాగిస్తున్నాను. దసరా అయ్యాక వాళ్లను ఒకసారి మీ దగ్గరికి తీసుకొస్తాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ శిష్యుడు"

ఇందులో "మహోన్నతమైన", "అజరామరమైన" లాంటి మాట ఒక్కటీ లేదు చూడండి. పతకాల లెక్కా లేదు. తలుపు చట్రం ఉంది, గోరు ఉంది. మీ ఉత్తరంలో మీవి ఉండాలి. ఈ నమూనాను దించేస్తే మాత్రం ఆయన మొదటి వాక్యంలోనే పసిగడతారు, ఎందుకంటే మీ మోచెయ్యి ఎలా ఉండేదో ఆయనకు తెలుసు.

6. ఆ రోజు వరుస

1. ముందురోజు ఫోన్ చేసి వేళ ఖాయం చేసుకోండి. "సన్మానం" అనే మాట ఎత్తకండి. "రేపు పొద్దున ఒకసారి కలవాలి మాస్టారూ" అంటే చాలు.
2. వెళ్లగానే ముందు అమ్మగారిని, ఇంట్లోని పెద్దవాళ్లను పలకరించండి.
3. ఆయన్ను కూర్చోబెట్టండి. మీరు నిలబడే మాట్లాడండి.
4. ముందు మాట, తర్వాత వస్తువు. చాలామంది దీన్ని తిరగేస్తారు. శాలువా కప్పగానే ఫొటోల హడావుడి మొదలై, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది.
5. మాట రెండు నిమిషాలు చాలు: ఆయన సరిచేసిన తప్పు, ఎలా సరిచేశారు, ఇప్పుడు మీరేం చేస్తున్నారు. గొంతు పూడుకుపోతే ఆగండి. ఎవరూ తొందరపెట్టరు.
6. బట్టలు, తాంబూలం ఇద్దరికీ కలిపి పళ్లెంలో రెండు చేతులతో ఇవ్వండి. ఆ తర్వాత నమస్కారం.
7. ఉత్తరం చివర్లో ఇవ్వండి. అక్కడే చదవమని అడగకండి. మీరు వెళ్లాక చదువుకుంటారు.
8. ఫొటో ఒకటో రెండో. మాస్టారి అనుమతి అడిగాకే బయట పెట్టండి.
9. కాఫీ ఇస్తే తాగండి. తాగేటప్పుడు ఆయన్ను మాట్లాడనివ్వండి.

ఆఖరిది చిన్న విషయం కాదు. తన గురువు ఎవరో, వెదురు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో, విల్లు వంచడం ఎలా నేర్చుకున్నారో అప్పుడే చెబుతారు. అడిగి, ఇష్టమైతే రికార్డు చేసుకోండి.

7. ఆయుధపూజ చేస్తుంటే విల్లు పాడవకుండా

ప్రతి దసరాకీ కొన్ని విల్లులు భక్తి ఎక్కువై పాడవుతాయి. పెద్ద జాగ్రత్తలు కావు కానీ తప్పనిసరి.

- నారి విప్పి పెట్టండి. గంటల తరబడి ఎక్కించి ఉంచితే వెదురు వంగినట్టే ఉండిపోయి పట్టు తగ్గుతుంది.
- పసుపు, కుంకుమ పిడి దగ్గర ఒక చుక్క చాలు. నారికి, సర్వింగ్‌కి, బాణం గాడికి అంటనివ్వకండి. గాడిలో కుంకుమ ముద్ద గట్టిపడితే బాణం నారి మీద సరిగా కూర్చోదు.
- ఈకల మీద నీళ్లు, గంధం చిలకరించకండి.
- దీపానికీ, సాంబ్రాణికీ బారెడు దూరంలో ఉంచండి.
- పూజయ్యాక పొడిగుడ్డతో తుడిచి నీడలో పెట్టండి. కారులో వదిలేయొద్దు.

శమీపూజ చేసే అలవాటుంటే, శ్లోకం రాసిన కాగితం కొమ్మకు తగిలించి, జమ్మి ఆకులు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టండి.

8. ఆయన ముందు బాణం వేయాలనుకుంటే

గ్రౌండ్‌లో కలిస్తే ఒక వరస బాణాలు వేసి చూపించడం మంచి పద్ధతే. ఉత్తరంలో ఏ సంగతి రాశారో అదే కనపడాలి. దూరం తక్కువ పెట్టుకోండి. ఆయన చూసేది పాయింట్లు కాదు, మీ మోచెయ్యి, భుజం.

జనం వస్తే మాత్రం క్రమం తప్పొద్దు. టార్గెట్ వెనకా పక్కనా మనుషులు, పశువులు లేరని ఒకరు నడిచి చూసి రావాలి. పోటీల్లో వాడే విజిల్ పద్ధతే పెట్టుకోండి: రెండు ఊదితే గీత మీదికి రావాలి, ఒకటి ఊదితే వేయాలి, మూడు ఊదితే బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లాలి. గబగబా ఐదు, అంతకు మించి ఊదితే అందరూ అక్కడికక్కడే ఆపేయాలి. వచ్చిన అతిథి చేతికి ఫొటో కోసం విల్లు ఇస్తే నారి లాగి ఖాళీగా వదలకుండా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఒక్క ఖాళీ దెబ్బకే విల్లు పగలొచ్చు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ద్రోణాచార్యుడితో పోల్చడం. ప్రతి సభలోనూ వినపడే మాట ఇది. ద్రోణుడి పేరెత్తగానే వెనకాలే ఏకలవ్యుడి బొటనవేలు వస్తుంది. కులం, ఫీజు చూడకుండా పేద పిల్లలకు విల్లు అందించిన మనిషికి ఆ పోలిక అన్యాయం. ఆయన్ను ఆయనగానే చెప్పండి.

పతకాలతోనే లెక్క తేల్చడం. విజయవాడ నుంచి జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ లాంటివాళ్లు ప్రపంచ స్థాయికి వెళ్లారు కాబట్టి, పతకం లేని శిష్యులకు గురువు ముందుకు వెళ్లడానికే బిడియం. జిల్లా పోటీ కూడా దాటకపోయినా వెళ్లండి. గెలిచినవాళ్లు ఎలాగూ వస్తారు. రారనుకున్నవాళ్లు వస్తేనే ఆయనకు ఎక్కువ సంతోషం.

నాయకుణ్ని ముఖ్య అతిథిగా పిలవడం. ఆయన వచ్చేదాకా మాస్టారు ఎండలో కూర్చోవాలి. వచ్చాక దండ ముందు ఎవరికి పడుతుందో మీకు తెలుసు. ఇప్పటికే పిలిచేసి ఉంటే, గురువుగారికి పొద్దున్నే ఇంట్లో వేరుగా కృతజ్ఞత చెప్పేయండి.

పాత గురువును మరచిపోవడం. మొదట విల్లు పట్టించినది ఒకరు, తర్వాత పెద్ద అకాడమీలో కోచ్ ఇంకొకరు. పేపరువాళ్లు అడిగినప్పుడు రెండో పేరే చెబుతారు. ఎంట్రీ ఫారాల్లో, పేపరువాళ్లతో, స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూలో మొదటి మాస్టారి పేరు ఊరితో సహా చెప్పండి. ఇప్పటికే అచ్చయిపోతే ఆ కటింగ్ తీసుకుని వెళ్లి, "మీ పేరు రావాల్సింది మాస్టారూ" అని నేరుగా చెప్పి, తర్వాతిసారి చెప్పి చూపించండి.

10. మామూలుగా కుదరని సందర్భాలు

గిరిజన గురువు దగ్గర నేర్చుకుని ఉంటే: పల్నాడు అంచున నల్లమల చెంచుల దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ఉత్తరం, జ్ఞాపిక అక్కడ అక్కరకు రావు. స్వయంగా వెళ్లాలి, వాళ్ల ఇంటి ముందు కూర్చుని మాట్లాడాలి. ఏం కావాలో ముందే కబురు చేసి అడిగి బియ్యం, దుప్పట్లు లాంటివి తీసుకెళ్లండి. సారా తీసుకెళ్లకండి. వేట చేసి చూపించమని అడగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, ఇరుక్కునేది మీరు కాదు, వాళ్లు. ఫొటోలు వాళ్లు సరేనంటేనే.

మాట పట్టింపుతో విడిపోయి ఉంటే: కృతజ్ఞతనూ తగాదానూ ఒకే రోజు కలపొద్దు. ఎవరిది తప్పో ఆ ఉత్తరంలో రాయకండి. మోచేతి సంగతి ఒక్కటే రాసి పోస్టులో వేయండి. జవాబు రాకపోయినా వచ్చే ఏడు మళ్లీ వేయండి.

గురువుగారు కాలం చేసి ఉంటే: ఉత్తరం రాసి అమ్మగారికో, పిల్లలకో ఇవ్వండి. తమ ఇంటాయన గ్రౌండ్‌లో ఎలా ఉండేవారో వాళ్లు చూసి ఉండరు. వెళ్లినప్పుడు ఆయన విల్లు ఎక్కడుందో అడగండి. చాలా ఇళ్లలో అది నారి ఎక్కించినట్టే గోడకు వేలాడుతుంటుంది. వాళ్లు ఒప్పుకుంటే నారి విప్పి, దుమ్ము తుడిచి, చెద పట్టిందేమో రెండు కొసల దగ్గరా చూసి, ఎండ తగలని గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి రండి. ఏడాదికోసారి వెళ్లి చూసుకునే పని మీరే తీసుకుంటానని వాళ్లతో చెప్పండి.